సొట్ట పైన, దెబ్బ లోన

విజయవాడ ఆటోనగర్‌లో డెంటింగ్ షెడ్ల ముందు బంపర్లు వెల్లకిలా పడి ఉంటాయి. రోడ్డు మీద తళతళలాడిన పక్క నేలకు, ఎవరూ చూడని లోపలి పక్క ఆకాశానికి. లోపలి పక్క నల్లగా, మట్టి పేరుకుని, అక్కడక్కడా విరిగిన లాకులతో ఉంటుంది. తడిగుడ్డతో తుడిస్తే ఒక మూల రెండు బాణపు మొనల మధ్య చిన్న రాత బయటపడుతుంది: పీపీ ప్లస్ ఈపీడీఎం, టీడీ 20. ప్లాస్టిక్ భాగాల మీద అవి దేనితో తయారయ్యాయో గుర్తు వేయాలని చెప్పే ఐఎస్ఓ 11469 ప్రమాణం ప్రకారం పోతలోనే అచ్చేసిన జాతకం అది. పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్‌లో ఈపీడీఎం అనే రబ్బరు కలిపారు, నూటికి ఇరవై పాళ్లు టాల్క్ పొడి పట్టించారు అని దాని అర్థం. ముఖానికి అద్దుకునే పౌడర్లో వాడుతూ వచ్చిన టాల్కే.

కారు యజమానికి ఈ రాతతో పని ఉండదు. ఆయన కళ్లు అవతలి పక్క మీదే ఉంటాయి. అక్కడ జానెడు పగులు, లోపలికి పోయిన సొట్ట, లేచిపోయిన రంగు. షోరూములో అడిగితే మార్చేయాలంటారు. షెడ్డులో అడిగితే "అతికిద్దాం సార్, తెలియనే తెలియదు" అంటారు. రెండుచోట్లా లెక్క పగులు పొడవును బట్టే నడుస్తుంది.

తమాషా ఏమిటంటే, మన దగ్గర బంపర్ విషయంలో సాధారణంగా జరిగేది శాస్త్రం చెప్పేదానికి సరిగ్గా తలకిందులు. కంటికి కనిపించే ప్లాస్టిక్ తొడుగును మారుస్తారు, నిజానికి చాలాసార్లు అది చక్కగా అతుకుతుంది. దాని వెనక కనిపించకుండా ఉండే ఇనుప భాగాలను సుత్తితో కొట్టి, గ్యాస్‌తో కాల్చి వంపు తీస్తారు. అవి మాత్రం సరిచేయకూడనివి.

ఈ తలకిందుల అలవాటు ఎక్కడినుంచి వచ్చిందో ఊహించడం కష్టం కాదు. అంబాసిడర్ కాలంలో బంపర్ అంటే ఒక్కటే వస్తువు: నికెల్, క్రోమ్ పూత పూసిన ఉక్కు బద్ద. పైకి కనిపించేదీ అదే, దెబ్బ తినేదీ అదే. వంగితే కొట్టి తిన్నగా చేసేవారు, మళ్లీ పూత వేయించేవారు. మార్చడమా బాగుచేయడమా అన్న మీమాంస ఆ రోజుల్లో పెద్దగా ఉండేది కాదు, ఎందుకంటే మార్చడానికి కొత్తది దొరకడమే ఆలస్యం. ఉత్తరపారాలో అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది కానీ, వంగిన ఇనుమును తిన్నగా చేసేయొచ్చన్న ధీమా షెడ్లలో ఇంకా పనిచేస్తూనే ఉంది.

ఉక్కు బద్ద స్థానంలోకి ప్లాస్టిక్ రావడానికి రెండు దారులు కలిశాయి. ఒకటి ఫ్యాషన్. 1968లో అమెరికాలో పాంటియాక్ జీటీఓ కారుకు ఎండ్యూరా అనే రబ్బరులాంటి ముందుభాగం పెట్టి, ఇనుప కడ్డీతో బాదినా సొట్టపడదని టీవీ ప్రకటనల్లో చూపించారు. 1972లో ఫ్రాన్స్‌లో వచ్చిన రెనో 5 గాజునారతో గట్టిపరిచిన పాలియెస్టర్ బంపర్లు తొడుక్కుంది. ముందు కారును కాస్త తోసి, వెనక కారును కాస్త తోసి సందులో దూర్చేసే ప్యారిస్ పార్కింగుకు అది సరిగ్గా సరిపోయింది. రెండో దారి చట్టం. అమెరికా 1973 మోడళ్ల నుంచి ముందు బంపర్ గంటకు 8 కిలోమీటర్ల వేగంతో, వెనకది 4 కిలోమీటర్ల వేగంతో గోడను తాకినా దీపాలు, రేడియేటర్, ఇంధన ట్యాంకు వంటివి చెడకూడదని నిబంధన పెట్టింది. 1982లో ముందుకూ వెనకకూ హద్దును 4 కిలోమీటర్లకు తగ్గించేశారు. 1972లో అక్కడి కాంగ్రెస్ చేసిన చట్టం పేరులోనే 'ఖర్చు పొదుపు' అనే మాట ఉంది. అంటే బంపర్ నిబంధనల వెనక మనిషి ప్రాణంతోపాటు మనిషి జేబు లెక్క కూడా ఉంది.

ఇప్పటి కార్లో 'బంపర్' అని మనం పిలిచేది నిజానికి ముసుగు. దాన్ని విప్పితే లోపల మూడు అంచెలు ఉంటాయి.

మొదటిది ఒక నురుగు దిమ్మె. షెడ్లలో దీన్ని థర్మోకోల్ అంటారు. అది థర్మోకోల్ కాదు, అయితే దానికి వరసకు తమ్ముడు: నురుగుగా ఉబ్బించిన పాలీప్రొపిలీన్. టీవీ పెట్టెలో వచ్చే థర్మోకోల్‌ను నొక్కితే నొక్కిన చోటే ఉండిపోతుంది. ఈ నురుగు మాత్రం నెమ్మదిగా మళ్లీ లేస్తుంది. పాదచారి కాలు తగిలినప్పుడు మెత్తగా ఉండటం కూడా దీని పనే. రెండోది అడ్డదూలం. ఎడమ నుంచి కుడికి అడ్డంగా సాగే ఉక్కు లేదా అల్యూమినియం కమ్మీ. కొన్ని చవక కార్లలో వెనక పక్క ఈ దూలాన్నే ఎగ్గొట్టేస్తారు. మూడోది క్రాష్ బాక్స్. దూలానికీ చాసిస్‌కీ మధ్య రెండు పక్కలా బిగించే బోలు డబ్బాలివి. దెబ్బ తగలగానే హార్మోనియం తిత్తిలా మడతలు మడతలుగా ముడుచుకుపోవడమే వీటి ఉద్యోగం. ఒక్కసారే చేసే ఉద్యోగం.

ఎంత దెబ్బకు ఏ అంచె రంగంలోకి దిగుతుందన్నది వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది. టన్ను బరువున్న కారు గంటకు 4 కిలోమీటర్ల వేగంతో, అంటే మనిషి నడక వేగంతో కదులుతుంటే దానిలోని గతిశక్తి సుమారు 617 జౌళ్లు. 50 కిలోల సిమెంటు బస్తా నాలుగడుగుల ఎత్తు నుంచి కిందపడితే నేలకు తగిలేంత. అదే కారు 8 కిలోమీటర్లతో వస్తే నాలుగు బస్తాలు. 40 కిలోమీటర్లతో వస్తే వంద బస్తాలు. వేగం పదింతలైతే దెబ్బ నూరింతలు. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో రివర్స్ తీస్తూ స్తంభానికి తగిలించుకున్న దెబ్బను తొడుగూ నురుగూ మింగేస్తాయి. సిగ్నల్ దగ్గర 15 కిలోమీటర్లతో ముందు బండిని గుద్దినప్పుడు మాత్రం 8,000 జౌళ్లు దాటుతుంది, అప్పుడు క్రాష్ బాక్స్‌కు పని పడుతుంది. బీమా సంస్థల కోసం మరమ్మతు ఖర్చులు అధ్యయనం చేసే ఆర్‌క్యార్ అనే అంతర్జాతీయ మండలి తన పరీక్షకు ఇదే 15 కిలోమీటర్ల వేగాన్ని ఎంచుకుంది. కారు ముందుభాగంలో 40 శాతం మాత్రమే గోడకు తగిలేలా గుద్దిస్తారు. నిజమైన రోడ్డు మీద ఎవరూ నిటారుగా, నిండుగా గుద్దుకోరు కదా.

ఇక్కడే మోసం ఉంది. తొడుగు రబ్బరు కలిసిన ప్లాస్టిక్. దెబ్బ తగలగానే లోపలికి వెళ్లి, వెనకనున్న నురుగునూ దూలాన్నీ నలిపి, మళ్లీ ఏమీ ఎరగనట్టు బయటికొచ్చి నిలబడగలదు. రంగు మీద రెండు గీతలు తప్ప పైకేమీ ఉండదు. లోపల మాత్రం దూలం వంగి ఏసీ కండెన్సర్‌కు ఆనుకుని ఉంటుంది. దీనికి వ్యతిరేకం కూడా జరుగుతుంది. ఎత్తయిన స్పీడ్‌బ్రేకర్‌కు కింది పెదవి తగులుకుని తొడుగు జానెడు చీలుతుంది, చూడ్డానికి ఘోరంగా ఉంటుంది, లోపల మాత్రం గీత కూడా పడదు.

కాబట్టి ఏ నిర్ణయానికైనా ముందు తొడుగు విప్పాలి. క్లిప్పులు, స్క్రూలు, పక్కల రెండు బ్రాకెట్లు. చెయ్యి తిరిగిన మనిషికి అరగంట, ముప్పావు గంట పని. విప్పాక చూడాల్సినవి కొన్నే. క్రాష్ బాక్స్ పక్కగోడల మీద రంగు పెచ్చులుగా లేచిందా? చిన్న ముడత ఏదైనా పడిందా? అడ్డదూలం నుంచి రేడియేటర్ దాకా ఎడమవైపు ఎంత దూరం, కుడివైపు ఎంత? రెంటికీ టేపు పెట్టి కొలవాలి. వేళ్ల వెడల్పంత తేడా ఉంటే కంటికి తెలియకపోవచ్చు, టేపు దాచిపెట్టదు. నురుగు దిమ్మె ముక్కలైందా, నొక్కుకుందా? ఫాగ్ ల్యాంప్ తీగలు తెగాయా? బానెట్‌కూ హెడ్‌లైట్‌కూ మధ్య సందు రెండు పక్కలా సమానంగా ఉందా?

ముడత పడిన క్రాష్ బాక్స్‌నూ వంగిన దూలాన్నీ ఎందుకు సరిచేయకూడదో ఇనుము కథే చెబుతుంది. చాలా కార్లలో ఈ దూలం మామూలు రేకు కాదు. బోరాన్ కలిపిన ఉక్కును 900 డిగ్రీలకు పైగా ఎర్రగా కాల్చి, చల్లటి అచ్చులో ఒక్కసారిగా నొక్కి చల్లారుస్తారు. కొలిమిలో కొడవలిని కాల్చి నీళ్లలో ముంచే కమ్మరి పదును పెట్టడం లాంటిదే ఇది. అలా పదునెక్కిన ఉక్కు చదరపు మిల్లీమీటరుకు దాదాపు 150 కిలోల లాగుడును తట్టుకుంటుంది. మామూలు మెత్తటి ఉక్కు బలానికి ఇది నాలుగైదు రెట్లు. ఇప్పుడు అదే దూలాన్ని గ్యాస్ మంటతో ఎర్రబడేదాకా కాల్చి, నెమ్మదిగా చల్లారనిస్తే ఏమవుతుంది? ఏ కమ్మరినడిగినా చెబుతాడు: పదును పోతుంది. ఆకారం తిరిగొస్తుంది, బలం తిరిగిరాదు. పైన కొత్త రంగు వేశాక ఆ తేడా ఎవరికీ కనిపించదు, తర్వాతి ప్రమాదం దాకా.

కాల్చకుండా చల్లగానే వంచితేనో? అంత గట్టి ఉక్కు మళ్లీ వంగేటప్పుడు సన్నగా పగలొచ్చు. క్రాష్ బాక్స్‌ది ఇంకా సున్నితమైన లెక్క. దాని మడతలు ఎక్కడ మొదలవ్వాలో ముందే గాడులు పెట్టి చేస్తారు. ఒకసారి ముడిచి తీసిన కాగితం మళ్లీ ముడిచినప్పుడు పాత గీతల మీదే ముడుచుకుంటుంది కదా, ఇదీ అంతే. డిజైన్ చేసినవాళ్లు లెక్కగట్టిన బలానికి కాక అంతకంటే తక్కువకే లొంగిపోతుంది. బోల్టులతో ఊడివచ్చేలా దాన్ని పెట్టిందే మార్చడం కోసం.

దెబ్బను మింగాల్సింది ఈ అంచెలే కనుక, కారు ముందు ఇనుప గొట్టాల బుల్‌బార్ బిగించుకోవడం తెలివైన పని కాదు. అది నేరుగా చాసిస్‌కు బిగుసుకుని, మధ్యలో మింగాల్సిన అంచెలన్నింటినీ తప్పించి దెబ్బను లోపలికి మోస్తుంది. ఎదుట నడిచే మనిషికైతే అది మరీ ప్రమాదం. వీటి మీద చర్య తీసుకోవాలని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులో రాష్ట్రాలకు రాసింది. జిల్లా కేంద్రాల్లో తిరిగే బొలేరోలను చూస్తే ఆ ఉత్తరం ఎంతవరకు చేరిందో ఎవరికివారే అంచనా వేసుకోవచ్చు.

ఇక తొడుగు దగ్గరికి. పాలీప్రొపిలీన్ అంటే ఇంట్లో బకెట్లకూ డబ్బాలకూ వాడే ప్లాస్టిక్కే. 1954లో ఇటలీలో జూలియో నట్టా దీన్ని క్రమపద్ధతిలో అల్లిన అణువుల గొలుసులుగా తయారుచేసి, 1963లో కార్ల్ జీగ్లర్‌తో కలిసి నోబెల్ పంచుకున్నాడు. దీనికి ఒక లోపం ఉంది: సున్నా డిగ్రీల దరిదాపుల్లో పెళుసెక్కుతుంది. అందుకే ఈపీడీఎం రబ్బరును మైక్రాన్ల సైజు బొట్లుగా దీంట్లో కలుపుతారు. పగులు పాకుతూ వచ్చి ఈ మెత్తటి బొట్లకు తగిలి ఆగిపోతుంది. తొడుగు బాగా వంగిన చోట తెల్లటి మచ్చ పడటం చాలామంది చూసే ఉంటారు. లోపల కంటికి కనిపించని బుడగలు తెరుచుకుని వెలుతురును చెదరగొట్టడం వల్ల ఆ తెలుపు. దెబ్బను రబ్బరు బొట్లు భరించాయని అది సాక్ష్యం.

సొట్ట మీద మరిగే నీళ్లు పోసి లోపలి నుంచి చేత్తో నెట్టే ఇంటి చిట్కా ఫోన్లలో బాగా తిరుగుతుంది. అది ఉత్తుత్తి చిట్కా కాదు. ఈ ప్లాస్టిక్‌లో గొలుసులు కొన్నిచోట్ల బారులు తీరి స్ఫటికాలుగా గట్టిగా ఉంటాయి, మిగతా చోట్ల చిక్కుపడిన దారపు ఉండలా ఉంటాయి. స్ఫటికాలు కరగాలంటే సుమారు 165 డిగ్రీలు కావాలి. మరిగే నీళ్ల వేడికి అవి చెక్కుచెదరవు, చిక్కుదారాలు మాత్రం సడలుతాయి. స్ఫటికాలు మేకుల్లా నిలిచి అచ్చులో పోసినప్పటి ఆకారాన్ని గుర్తుపెట్టుకుంటాయి, సడలిన దారాలు ఆ ఆకారానికే తిరిగొస్తాయి. దానికి తోడు సొట్టలో చాలాభాగం అసలు నలుగుడే కాదు, స్టీలు డబ్బా మూత 'టప్'మని లోపలికి పోయినట్టు వంపు తిరగబడటం. వేడికి మెత్తబడగానే మళ్లీ 'టప్'మని బయటికొస్తుంది. ఇలాంటి సొట్టకు కొత్త బంపర్ వేయించడమంటే చెప్పులో రాయి పడిందని కొత్త చెప్పులు కొనడమే. ఒక్క మినహాయింపు: పైనున్న రంగుపొర ప్లాస్టిక్ అంత సాగదు. సొట్ట మడత మీద సన్నటి పగుళ్లు మిగిలిపోవచ్చు.

పగులైతే? పని తెలిసిన డెంటర్ మొదట చేసేది అతకడం కాదు, డ్రిల్లు తీయడం. పగులు రెండు చివర్లా చిన్న గుండ్రటి రంధ్రం వేస్తాడు. ఉన్న చీలిక చాలనట్టు ఇంకో కన్నం ఎందుకని యజమాని గుండె గుభేలుమంటుంది. కారణం కేంబ్రిడ్జిలో చార్లెస్ ఇంగ్లిస్ 1913లోనే లెక్కగట్టి చూపించాడు. చీలిక చివర ఎంత వాడిగా ఉంటే అక్కడ అంత బలం పోగుపడుతుంది. గుడ్డకు కత్తెరతో చిన్న నాటు పెడితే మిగతాది చేత్తో చర్రున చిరిగేది అందుకే. ఆ వాడి మొనను గుండ్రం చేసేస్తే చీలిక ముందుకు పాకదు.

తర్వాత పగులు వెంబడి లోపలి పక్కన 'వి' ఆకారంలో గాడి తీసి, అదే రకం ప్లాస్టిక్ కడ్డీని కరిగిస్తూ నింపుతారు. పెద్ద బాడీ షాపుల్లో దీనికి వేడి నైట్రోజన్ ఊదే యంత్రం ఉంటుంది, చిన్న షెడ్లలో సోల్డరింగ్ ఐరన్ ఉంటుంది. లోపల స్టీలు జాలీ ముక్క ఒకటి పరిచి దాన్ని కూడా ప్లాస్టిక్‌లో ముంచేస్తారు. చూడటానికి మోటుపని. అణువుల దగ్గర జరిగేది మాత్రం చాలా సొగసైన విషయం. ఫ్రెంచి భౌతిక శాస్త్రవేత్త పియర్ జిల్ డి జెన్ 1971లో దానికో పేరు పెట్టాడు, పాకుడు అని అర్థం వచ్చేలా. చిక్కుపడ్డ గొలుసుల గుంపులో ఏ గొలుసూ పక్కకు జరగలేదు. పుట్టలో పాములా తన దారివెంట ముందుకో వెనక్కో పాకడం ఒక్కటే దానికి వీలు. రెండు కరిగిన అంచులు ఒకదానికొకటి తగిలినప్పుడు ఇటు గొలుసులు అటూ, అటు గొలుసులు ఇటూ పాకి పెనవేసుకుంటాయి. చాలినంత వేడి, చాలినంత సమయం దొరికితే అతుకు ఎక్కడుందో ప్లాస్టిక్‌కే తెలియకుండా పోతుంది. డి జెన్‌కు 1991లో నోబెల్ వచ్చింది.

అయితే పాములు తమ జాతితోనే పెనవేసుకుంటాయి. పాలీప్రొపిలీన్ మీద ఏబీఎస్ అనే మరో రకం ప్లాస్టిక్ కడ్డీని కరిగించి పోస్తే అతికినట్టే కనిపించి, ఆరాక గోరుతో గీరితే ఊడివస్తుంది. లోపలి పక్క రాసున్న జాతకం అవసరం ఇక్కడే పడుతుంది. రాత అరిగిపోతే చిన్న ముక్కను నీళ్లలో వేసి తేలితే పాలీప్రొపిలీన్ అనుకునే పద్ధతి ఒకటుంది. బకెట్ ముక్కకైతే అది సరే. నూటికి ఇరవై పాళ్లు టాల్క్ పట్టించిన బంపర్ ముక్క మాత్రం నీళ్లకంటే కాస్త బరువై మునిగిపోతుంది. వెలిగించి చూడటం అంతకంటే నమ్మకం: పాలీప్రొపిలీన్ కొవ్వొత్తి వాసనతో కాలుతుంది, ఏబీఎస్ నల్లటి మసి కక్కుతుంది. రెనో 5 కాలం నాటి పాలియెస్టర్ రకమైతే ఏ కడ్డీకీ కరగదు. ఆ జాతి ప్లాస్టిక్ ఒకసారి గట్టిపడితే గట్టిపడినట్టే, దానికి జిగురే గతి. ఇంకో హెచ్చరిక: అతికేటప్పుడు పొగ దండిగా లేస్తోందంటే గొలుసులు పాకడం లేదు, తెగిపోతున్నాయి. అలా మాడ్చిన అతుకు మొదటి స్పీడ్‌బ్రేకర్‌కే విడిపోతుంది.

రంగు పనికి వస్తే, ఇంట్లో ప్లాస్టిక్ బకెట్ మీద స్టిక్కరు ఎన్నాళ్లు నిలుస్తుందో గుర్తు తెచ్చుకుంటే చాలు. పాలీప్రొపిలీన్ ఒంటికి ఏదీ అంటదు. ఫ్యాక్టరీలో మంటతోనో మరోలానో ఉపరితలాన్ని సిద్ధం చేసి రంగు వేస్తారు, షెడ్డులో ప్లాస్టిక్ ప్రైమర్ వాడాలి. ఆ ఒక్క పొర ఎగ్గొడితే ఆర్నెల్లలో ప్రెషర్ వాష్ నీళ్లకు రంగు ఉల్లిపొరలా లేచిపోతుంది. బంపర్ రంగు బాడీ రంగుతో కొద్దిగా కలవకపోతే మాత్రం వెంటనే గొడవకు దిగనక్కర్లేదు, కొత్త కార్లలోనూ ఆ తేడా ఉంటుంది. కారు బాడీని తొలి పూత తర్వాత సుమారు 180 డిగ్రీల ఓవెన్‌లో కాలుస్తారు. పాలీప్రొపిలీన్ అక్కడ కరిగి కారిపోతుంది. అందుకని బంపర్‌కు విడిగా, 80 డిగ్రీల దగ్గర ఆరే వేరే రంగు వేస్తారు. సిల్వర్ కార్లలో ఈ తేడా బాగా పట్టిస్తుంది.

అతకకూడని తొడుగులూ ఉన్నాయి. ఒక ముక్క రాలి రోడ్డు మీదే పోయినవి, రెండు పక్కలా లాకులన్నీ విరిగినవి, ఎండకు బూడిదరంగు తిరిగి పెళుసెక్కిన నల్ల బంపర్లు. రంగు వేయని గరుకు నలుపు బంపర్ మీద అతుకును దాచే మార్గం కూడా లేదు, ఆ గరుకుదనాన్ని చేత్తో తిరిగి తేలేరు.

అన్నింటికంటే కొత్త కారణం సెన్సర్లు, రాడార్. 2019 జులై నుంచి మన దేశంలో కొత్త కార్లకు రివర్స్ సెన్సర్లు తప్పనిసరి అయ్యాయి. బంపర్లో నాణేల్లా కనిపించే ఆ గుండ్రటి బిళ్లలు మన చెవికి అందని శబ్దాన్ని పంపి ప్రతిధ్వని వింటాయి. మళ్లీ మళ్లీ రంగు కొట్టి మందం పెంచితే వాటి చెవులు మూసుకుపోతాయి. ఇది చిన్న సమస్య. 2021లో వచ్చిన మహీంద్రా ఎక్స్‌యూవీ 700 లాంటి కార్లతో, తనంతట తానే బ్రేకు వేసే ఏడాస్ సదుపాయం మధ్యతరగతి ఇళ్లలోకి వచ్చింది. దాని రాడార్ సాధారణంగా 77 గిగాహెర్ట్జ్ దగ్గర పనిచేస్తుంది, ఆ తరంగం పొడవు గాలిలో 3.9 మిల్లీమీటర్లు. ప్లాస్టిక్‌లోకి దూరగానే అది కుదించుకుని దాదాపు రెండున్నర మిల్లీమీటర్లవుతుంది. పలక మందం ఈ పొడవులో సగానికి సరిగ్గా గుణిజంగా ఉంటే ముందు ముఖం నుంచి, వెనక ముఖం నుంచి తిరిగొచ్చే ప్రతిబింబాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. అప్పుడు రాడార్‌కు బంపర్ గాజు పలకలా పారదర్శకం. రెండున్నర, మూడు మిల్లీమీటర్ల మందంలోని తొడుగును ఈ లెక్కకు దగ్గరగా తూచి చేస్తారు.

దాని మీద డెంటర్ మిల్లీమీటరు మందాన పుట్టీ పెట్టాడనుకోండి. లేదా అల్యూమినియం పొడి కలిసిన సిల్వర్ రంగు రెండు పొరలు ఎక్కువ కొట్టాడనుకోండి. మన కంటికి నున్నగా, అందంగా ఉంటుంది. రాడార్‌కు కంట్లో శుక్లం పడ్డట్టే. ముందున్న లారీ అసలున్న చోటికి కాస్త పక్కన కనబడవచ్చు, ఆలస్యంగా కనబడవచ్చు. కార్ల కంపెనీలు రాడార్ ఎదుటి భాగంలో అతుకులూ పుట్టీలూ వద్దని మరమ్మతు పుస్తకాల్లో రాస్తున్నది అందుకే. కొన్ని కార్లలో వెనక బంపర్ మూలల్లో కూడా చిన్న రాడార్లు దాగి ఉంటాయి. అలాంటి చోట బెత్తెడు పగులుకైనా మార్చడమే సబబు, మార్చాక రాడార్‌ను మళ్లీ గురి సరిచేయించడమూ అంతే అవసరం.

ఇన్ని మాటల తర్వాత యజమాని అడిగేది ఒక్కటే: బీమా ఉంది కదా, మార్పించేస్తే పోలేదా?

సాధారణ సమగ్ర పాలసీలో తరుగుదల పట్టిక ఒకటుంటుంది. ప్లాస్టిక్, రబ్బరు, నైలాన్ భాగాలకు కారు కొని నెలే అయినా 50 శాతం కోత. లోహపు భాగాలకు తొలి ఆర్నెల్లు కోత లేదు, ఏడాది నిండేదాకా 5 శాతం, రెండేళ్ల దాకా 10 శాతం, అలా పెరుగుతూ పోతుంది. ఒక లెక్క వేసి చూద్దాం, పన్నులు పక్కనపెట్టి. కొత్త తొడుగు 6,000 రూపాయలు, రంగు 4,000, కూలి 1,000 అనుకుంటే బిల్లు 11,000. తొడుగు మీద సగం, అంటే 3,000 యజమానిదే. రంగు బిల్లులో నాలుగోవంతును సామగ్రి కింద లెక్కగట్టి అందులో సగం, 500. 1500 సీసీ లోపు కారుకు తప్పనిసరి కోత 1,000. మొత్తం 4,500 చేతినుంచి పోయి, కంపెనీ 6,500 ఇస్తుంది. బాగానే ఉందనిపిస్తుంది.

అసలు దెబ్బ రెన్యువల్‌లో తగులుతుంది. క్లెయిమ్ లేకుండా వచ్చినవారికి సొంత నష్టం ప్రీమియం మీద 20, 25, 35, 45, 50 శాతం చొప్పున రాయితీ మెట్లు ఉంటాయి. పైమెట్టు మీదున్నవారు ఒక్క క్లెయిమ్‌తో నేలమీదకు వస్తారు. ఆ ప్రీమియం 8,000 అనుకుంటే మొదటి ఏడాది నష్టం 4,000, తర్వాత 2,400, 2,000, 1,200, 400. మళ్లీ పైమెట్టు ఎక్కేసరికి పోగొట్టుకున్నది 10,000. కారు విలువతోపాటు ప్రీమియం తగ్గుతుంది కనుక అసలు అంకె కొంత తక్కువే ఉంటుంది గానీ, ఆరున్నర వేల కోసం అంతకంటే ఎక్కువ పోయే అవకాశం గట్టిగానే ఉంది. అదే తొడుగును వెయ్యి రూపాయలకు అతికించి నాలుగు వేలకు రంగు వేయిస్తే ఐదు వేలతో తేలిపోయేది. దూలం, క్రాష్ బాక్స్, కండెన్సర్ కూడా పోయి బిల్లు 40,000 చేరితే మాత్రం కథ మారుతుంది, క్లెయిమ్ పెట్టాల్సిందే. లోహపు భాగాలకు కోత తక్కువ కూడా.

తరుగుదల కోత లేని పాలసీని జనం 'బంపర్ టు బంపర్' అంటారు. 2021 ఆగస్టులో మద్రాసు హైకోర్టు కొత్త వాహనాలన్నింటికీ ఐదేళ్లపాటు అది తప్పనిసరి అని ఒక తీర్పులో చెప్పి, సెప్టెంబరులో వెనక్కి తీసుకుంది. ఆ పాలసీ ఉన్నా రాయితీ మెట్టు జారడం ఆగదు, దానికి విడిగా రక్షణ కొనుక్కోవాలి. 'బంపర్ ఆఫర్' అనే మాటను తెలుగులో ఎంత ఇష్టంగా వాడతామో, బంపర్ దగ్గరికొచ్చేసరికి ఆఫర్లో చిన్న అక్షరాలు అంత ఎక్కువ.

మార్చక తప్పనప్పుడు మూడు తోవలున్నాయి. కంపెనీ పార్టు, బయటి తయారీ, పాత కారు నుంచి ఊడదీసినది. హైదరాబాద్ పుత్లీబౌలిలోనో రాణిగంజ్‌లోనో సగం ధరకు దొరికే బయటి తొడుగు తీసుకునే ముందు దాన్ని తిప్పి చూడాలి. లోపల రాత లేకపోతే అది ఏ ప్లాస్టిక్కో చెప్పేవారు లేరు. హెడ్‌లైట్ పక్కన సందు కుదురుతుందో లేదో రంగు వేయకముందే బిగించి చూసుకోవాలి. పాత కారు నుంచి తీసిన అసలు తొడుగు చాలాసార్లు దానికంటే మేలు. అదే పద్ధతిలో పాత క్రాష్ బాక్స్ కొనడం మాత్రం మేలు కాదు, అది ఏ ప్రమాదంలో ఎంత ముడుచుకుని వచ్చిందో ఎవరికి తెలుసు?

ఊడదీసిన తొడుగుల గతి ఏమిటి? కరిగించి మళ్లీ వాడుకోగల ప్లాస్టికే, అడ్డుపడేది పైనున్న రంగు. కరిగినప్పుడు ఆ రంగు పెచ్చులు లోపల కలిసిపోయి, పగుళ్లకు మొదళ్లవుతాయి. రంగు వదిలించే పద్ధతి కుదిరాక జపాన్‌లో మాజ్దా 2011లో తుక్కు కార్ల బంపర్లనుంచి మళ్లీ కొత్త బంపర్లు పోయడం మొదలుపెట్టింది. ఆటోనగర్ షెడ్లకు అంత యంత్రాంగం లేదు. పాత తొడుగులు వెనక గోడవార నిలబెట్టి ఉంటాయి.

ఎవరో జానెడు పగులుతో వస్తారు. తొడుగు విప్పుతారు, దూలం తిన్నగానే ఉంది, డబ్బాల మీద ముడతలేదు. డెంటర్ లోపలి రాత తుడిచి చదువుకుని గోడవారకు వెళ్తాడు. నాలుగైదు పాత తొడుగులు తిప్పి చూసి, అవే అక్షరాలున్నదాన్ని లాగి, దాని అంచునుంచి వేలెడు వెడల్పున ఒక బద్ద కోసి తెస్తాడు. ఐరన్ వేడెక్కేలోపు దాని రంగు గీకేస్తూ కూర్చుంటాడు. ఇంకాసేపట్లో పగులులోకి కరగబోయే కడ్డీ అదే.